ఆటల పత్రికలో ఫోటో: చూడటమా, చదవటమా?

పిల్లలూ! ఆటల పత్రిక చేతికి రాగానే మీరు మొదట ఏం చేస్తారు? వ్యాసాలు చదువుతారా? లేదు కదూ! గబగబా పుటలు తిప్పి ఫోటోలు చూస్తారు. గాలిలోకి ఎగిరి బంతిని అందుకుంటున్న ఫీల్డరు, హర్డిలు మీద నుంచి దూకుతున్న పరుగుపందెగత్తె, గోల్ కొట్టి చేతులు చాచి పరిగెత్తుతున్న ఆటగాడు... ఇవన్నీ చూశాకే చదువు సంగతి.

నేనూ మీలాంటివాణ్ణే. మద్రాసు నుంచి 1978లో 'స్పోర్ట్‌స్టార్' పత్రిక మొదలైంది. దాని నడిమి పుటల్లో పెద్ద రంగుల బొమ్మ ఉండేది. పిన్నులు జాగ్రత్తగా విప్పి, ఆ బొమ్మ తీసి, అన్నం మెతుకులతో గోడకు అంటించుకునేవాణ్ణి. అయితే ఆ రోజుల్లో నాకు ఫోటోను చూడటమే తెలుసు. ఫోటోను కూడా పాఠంలాగా చదవాలని నాకు నేర్పింది మా బడిలో చదివిన ఒక అబ్బాయి. ముందు ఆ కథ వినండి.

ఒక పందెం, ఒక ఫోటో

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మన అనంతపురం జిల్లాలోనే ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. వార్షిక క్రీడల రోజు. మైదానమంటే గడ్డి కాదు, ఎర్రమట్టి నేల. దాని మీద సున్నంతో గీతలు గీశాం. నూరు మీటర్ల పందెంలో ఇద్దరు అబ్బాయిలు ఇంచుమించు ఒకేసారి గీత దాటారు. గీతకు సూటిగా కూర్చున్న న్యాయనిర్ణేతలు అవతలి వరసలో పరిగెత్తిన అబ్బాయే మొదట వచ్చాడని ప్రకటించారు. పందెం ముగిసే క్షణంలో స్టూడియో ఫోటోగ్రాఫరు ఒక ఫోటో తీశాడు.

ఆ ఫోటోను మా పాఠశాల పత్రికలో ఆటల పుటలో వేశాం. పుటలో చోటు చాలక ఫోటో కింది భాగం కత్తిరించాం. కత్తిరించింది నేనే. ఫోటో కింద గెలిచిన అబ్బాయి పేరు వేశాం.

పత్రిక పంచిన మర్నాడే గొడవ మొదలైంది. ఫోటోలో ఇవతలి వరస అబ్బాయి స్పష్టంగా ముందున్నాడు. మనం బహుమతి ఇచ్చిన అబ్బాయి వెనక ఉన్నాడు! "కప్పు దొంగ" అని తోటి పిల్లలు వాణ్ణి ఏడిపించారు. వారం రోజులపాటు వాడు మైదానం వైపే రాలేదు. ఒక సాయంత్రం పత్రిక పట్టుకుని నా దగ్గరకు వచ్చి, "సార్, నేను గెలిచానా, లేదా? ఫోటో అబద్ధం చెప్పదు కదా సార్!" అని అడిగాడు. కప్పు తిరిగి ఇచ్చేస్తానని కూడా అన్నాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. జవాబు దొరకడానికి కాస్త విజ్ఞానశాస్త్రం అవసరమైంది. అదేమిటో ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ తెలుసుకుందాం.

మొదటి ప్రశ్న: ఎంత సేపు?

కెమేరాలో కటకం గుండా కాంతి లోపలికి వస్తుంది. ఎంతసేపు రావాలో నిర్ణయించేది షట్టర్. అది ఒక తలుపు లాంటిది. తలుపు తెరిచి ఉన్నంతసేపు జరిగిందంతా ఒకే బొమ్మలో పడుతుంది.

ఒక లెక్క చేద్దాం. వేగంగా వేసే బౌలరు బంతి గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వెళుతుందనుకోండి. అంటే సెకనుకు సుమారు 39 మీటర్లు. షట్టర్ సెకనులో 60వ వంతు కాలం తెరిచి ఉంటే, ఆ కాలంలో బంతి 65 సెంటీమీటర్లు పోతుంది. ఫోటోలో బంతి బదులు ఒక ఎర్రటి చార కనిపిస్తుంది. అదే షట్టర్ సెకనులో 1000వ వంతు కాలమే తెరిచి ఉంటే బంతి కదిలేది 4 సెంటీమీటర్ల లోపే. బంతి వ్యాసం సుమారు 7 సెంటీమీటర్లు కాబట్టి, అది బంతిలాగానే కనిపిస్తుంది. అంచులు కాస్త అలుక్కుపోతాయి, అంతే.

మరి ఎప్పుడూ 1000వ వంతే పెట్టుకోవచ్చు కదా అంటారేమో! తలుపు తక్కువసేపు తెరిస్తే కాంతీ తక్కువే వస్తుంది. అందుకే వేగమైన ఆటలను తీయడానికి మంచి వెలుతురు కావాలి. మన సీమలో వానకు కరువు గాని ఎండకు కరువు లేదు! కాని నడినెత్తి ఎండలో టోపీ నీడ ముఖం మీద పడి ఆటగాడి కళ్ళు కనబడవు. అందుకని ఫోటోగ్రాఫర్లు ఉదయపు ఎండను, సాయంత్రపు ఎండను ఎక్కువగా ఇష్టపడతారు.

కంటికి అందనిది ఫోటోకు అందుతుందని లోకానికి చాటిన సంఘటన 1878లో జరిగింది. గుర్రం దౌడు తీసేటప్పుడు నాలుగు కాళ్ళూ ఒక్కసారి నేలను వదులుతాయా? చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాలేదు. అమెరికాలో పాలో ఆల్టో అనే చోట ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు పరుగుబాట పక్కన 12 కెమేరాలను వరసగా పెట్టాడు. గుర్రం పరిగెత్తుతూ బాటకు అడ్డంగా కట్టిన దారాలను ఒక్కొక్కటే తెంచుతుంటే కెమేరాలు ఒకదాని తర్వాత ఒకటి పనిచేశాయి. నాలుగు కాళ్ళూ నేలను వదులుతాయని తేలింది. అయితే చిత్రకారులు అంతవరకు గీసినట్టు కాళ్ళు ముందుకూ వెనక్కూ చాచి ఉన్నప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకుని ఉన్నప్పుడు! ఎన్నో ఏళ్ళ బొమ్మలు తప్పని ఒక్క వరస ఫోటోలు రుజువు చేశాయి.

కాబట్టి ఫోటో గొప్ప సాక్షి. కాని ఆ సాక్షి చూసింది సెకనులో వెయ్యో వంతు మాత్రమే. అంతకు ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో దానికి తెలియదు.

ఒక ఉదాహరణ చూడండి. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కిలోల బరువులెత్తి, మొత్తం 240 కిలోలతో కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. బరువులెత్తే పోటీలో ఇనుప కడ్డీ తల మీదికి వస్తే చాలదు. న్యాయనిర్ణేతలు సంకేతం ఇచ్చేదాకా కదలకుండా నిలబడాలి. ఎవరైనా బరువు తల మీదికెత్తిన ఫోటో ఒక్కటి మీకు చూపి "ఈ ఎత్తుడు చెల్లిందా?" అని అడిగితే ఏం చెబుతారు? నిశ్చలంగా నిలబడటం అనేది కొంత కాలం పట్టే పని. వెయ్యో వంతు సెకనులో అది కనబడదు.

రెండో ప్రశ్న: ఎక్కడ నిలబడి తీశారు?

అనంతపురంలో ఆర్.డి.టి. వారి మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలు జరిగాయి. అలాంటి పోటీలకు వెళ్ళినప్పుడు ఫోటోగ్రాఫర్లను గమనించండి. పొడవాటి గొట్టాల్లాంటి కటకాలు పట్టుకుని బౌండరీ బయట కూర్చుంటారు. వాళ్ళు తీసిన ఫోటోల్లో బౌలరు, బ్యాట్స్‌మన్ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తారు. నిజానికి వాళ్ళ మధ్య దూరం దాదాపు 20 మీటర్లు! ఎందుకిలా?

వస్తువు దూరం రెట్టింపయితే దాని బొమ్మ సగమవుతుంది. కెమేరా బౌలరుకు వెనక 5 మీటర్ల దూరంలో ఉందనుకోండి. బ్యాట్స్‌మన్ 25 మీటర్ల దూరంలో ఉంటాడు. ఇద్దరూ ఒకే ఎత్తు వాళ్ళయినా ఫోటోలో బ్యాట్స్‌మన్ ఎత్తు బౌలరు ఎత్తులో ఐదో వంతే. ఇప్పుడు కెమేరాను 80 మీటర్ల వెనక్కి తీసుకుపోండి. బ్యాట్స్‌మన్ దూరం 100 మీటర్లు. ఫోటోలో అతని ఎత్తు బౌలరు ఎత్తులో ఐదింట నాలుగు వంతులు. ఇద్దరూ ఇంచుమించు ఒకే పరిమాణంలో కనబడేసరికి మన కన్ను "వీళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నారు" అని పొరబడుతుంది. మీ ఊరి రోడ్డు పక్కన కరెంటు స్తంభాలను చూడండి. దగ్గరి స్తంభాలు ఎడంగా, దూరపు స్తంభాలు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు కనబడతాయి. ఇదీ అదే.

ఇప్పుడు మా బడి కథకు దగ్గరైన ప్రయోగం ఒకటి చేయండి. బల్ల మీద మీకు ఎదురుగా, మీ నుంచి అవతలికి సుద్దతో ఒక తిన్నని గీత గీయండి. ఆ గీత మీద ఒక పెన్ను మూతను దగ్గరగా, ఇంకొక మూతను దూరంగా నిలబెట్టండి. ఒక కన్ను మూసి, బల్ల ఎత్తుకు వంగి, గీత వెంబడి సూటిగా చూడండి. దగ్గరి మూత దూరపు మూతను కప్పేస్తుంది. ఇప్పుడు తలను ఒక జానెడు ఎడమ వైపుకు జరపండి. ఏమైంది? దగ్గరి మూత కుడివైపుకు జరిగిపోయినట్టు కనబడుతుంది! మూతలు మాత్రం కదలలేదు. రెండూ గీత మీదే ఉన్నాయి. కదిలింది మీ కన్ను.

చూసే చోటు మారితే వస్తువుల స్థానాలు మారినట్టు కనిపించడాన్ని దృష్టిభేదం అంటారు. గడియారాన్ని పక్క నుంచి చూస్తే ముల్లు తప్పు నిమిషం చూపడం, కొలజాడీలో నీటి మట్టాన్ని పై నుంచి చూస్తే కొలత తప్పడం కూడా ఇదే.

మూడో ప్రశ్న: ఏది కత్తిరించారు?

ఇప్పుడు మా అబ్బాయి సంగతి. ఆ సాయంత్రమే వాణ్ణి వెంటబెట్టుకుని స్టూడియోకు వెళ్ళాను. అదృష్టం కొద్దీ నెగటివ్ ఉంది. కత్తిరించకుండా మొత్తం ఫోటో వేయించాను. ఫోటోగ్రాఫరును "ఎక్కడ నిలబడి తీశావయ్యా?" అని అడిగితే, "ముగింపు గీతకు మూడు మీటర్లు ఇవతల, బాట పక్కన" అన్నాడు. అంటే గీతకు సూటిగా కాదు. మీరు తల ఎడమ వైపుకు జరిపి చూశారే, సరిగ్గా అలాగ! పరుగు ఎడమ నుంచి కుడికి సాగుతోంది. అందువల్ల దగ్గరి వరస అబ్బాయి బొమ్మలో కుడివైపుకు జరిగి, ముందున్నట్టు కనబడ్డాడు.

మరి నిజం ఎలా తెలిసింది? నేను కత్తిరించి పారేసిన కింది భాగంలో సున్నపు గీత ఉంది! అది బొమ్మలో నిలువుగా లేదు. కుడివైపు కింది నుంచి ఎడమవైపు పైకి ఏటవాలుగా ఉంది. ఆ గీతతో పోల్చి చూస్తే అవతలి అబ్బాయి ఛాతీ గీత మీదికి వచ్చేసింది. ఇవతలి అబ్బాయి ఛాతీ గీతకు ఇంకా మూరెడు దూరంలో ఉంది. న్యాయనిర్ణేతలు చెప్పిందే నిజం.

ఫోటో అబద్ధం చెప్పలేదు పిల్లలూ! నిజం చెప్పే భాగాన్ని నేను కత్తెరతో తీసేశాను. మరుసటి సంచికలో మొత్తం ఫోటో వేసి, కింద నా పొరపాటు ఒప్పుకున్నాను. అంతకంటే ముందు, ప్రార్థన సమయంలో అందరి ముందూ పెన్ను మూతల ప్రయోగం చేసి చూపించాను. మరునాటి నుంచి ఆ అబ్బాయి మళ్ళీ మైదానానికి వచ్చాడు.

పత్రికలవాళ్ళు కూడా ఫోటోలను కత్తిరిస్తారు. అది తప్పు కాదు, అవసరం. మైదానమంతా కనిపించే ఫోటోలో ఆటగాడి ముఖం ఆవగింజంత ఉంటుంది. అనవసరమైనది తీసేస్తేనే చూపు అసలు విషయం మీద నిలుస్తుంది. ఎంపిక కూడా అవసరమే. 2001 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద మన హైదరాబాదు లక్ష్మణ్, ద్రావిడ్‌తో కలిసి నాలుగో రోజంతా వికెట్ పడకుండా ఆడాడు. ఆ జంట 376 పరుగులు చేసింది. లక్ష్మణ్ ఒక్కడే 281. అంత ఆటను పత్రిక రెండు మూడు ఫోటోల్లో చెప్పాలి. ఏది ఎంచుకోవాలి? కొట్టిన బంతినా? అలసిపోయి కలిసి నడిచి వస్తున్న ఇద్దరినా? మొదటిది ఆటను చూపుతుంది, రెండోది శ్రమను చూపుతుంది. రెండూ నిజమే. కాని ఏ ఒక్కటీ మొత్తం నిజం కాదు.

కాలాన్ని కొలిచే ఫోటో

అయితే పందెంలో గెలుపోటములు ఫోటోతోనే తేలుస్తారని విన్నామే అంటారా? అవును. దాన్ని ఫోటో ఫినిష్ అంటారు. అది మనం తీసే ఫోటో వంటిది కాదు.

ఆ కెమేరాను ముగింపు గీతకు సరిగ్గా సూటిగా, కాస్త ఎత్తున అమరుస్తారు. కాబట్టి దృష్టిభేదం రాదు. దానికి సన్నని నిలువు చీలిక ఉంటుంది. అది ముగింపు గీతను తప్ప మరి దేన్నీ చూడదు. నేటి కెమేరాలు సెకనుకు వేల సార్లు ఆ గీతను మాత్రమే తీసి, ఆ సన్నని బొమ్మలను పక్కపక్కన పేరుస్తాయి. అంటే మామూలు ఫోటోలో ఎడమ నుంచి కుడికి ఉండేది చోటు. ఫోటో ఫినిష్‌లో ఎడమ నుంచి కుడికి ఉండేది కాలం! అందుకే అందులో పాదాలు సాగినట్టు వింతగా కనబడతాయి. గీత మీద ఎక్కువసేపు ఆగిన పాదం అంత పొడవుగా పడుతుంది మరి. గెలుపును నిర్ణయించేది తల గాని, చేయి గాని, కాలు గాని కాదు. మొండెం ముందు గీతను చేరాలి.

1948 లండన్ ఒలింపిక్స్ నూరు మీటర్ల పరుగులో బార్నీ ఈవెల్ తానే గెలిచానని సంతోషంతో గంతులు వేశాడు. ఫోటో చూశాక హారిసన్ డిల్లార్డ్ గెలిచాడని తేలింది.

మన దేశం మరచిపోలేని పందెం 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో జరిగింది. 400 మీటర్ల హర్డిల్స్ చివరి పరుగులో పి.టి. ఉష 55.42 సెకన్లలో గీత చేరింది. రుమేనియాకు చెందిన క్రిస్టియానా కోజొకారు 55.41 సెకన్లలో చేరింది. తేడా సెకనులో నూరో వంతు! 400 మీటర్లను 55.42తో భాగించండి. ఉష సగటు వేగం సెకనుకు సుమారు 7.2 మీటర్లు. కాబట్టి నూరో వంతు సెకనులో ఆమె పరిగెత్తే దూరం 7 సెంటీమీటర్లు. మీ నాలుగు వేళ్ళు కలిపి పెట్టి చూడండి, ఇంచుమించు అంతే వెడల్పు! కాంస్య పతకానికీ నాలుగో స్థానానికీ మధ్య అంతే దూరం. ఎదురుగా నిలబడి తీసిన ఫోటో ఎంత అందంగా ఉన్నా ఈ తేడాను చెప్పలేదు.

భూతద్దంతో చూడండి

ఇక ఫోటో పత్రికలోకి ఎలా వస్తుందో చూద్దాం. మైబ్రిడ్జ్ గుర్రం ఫోటోలను 1878 అక్టోబరులో అమెరికాలోని 'సైంటిఫిక్ అమెరికన్' పత్రిక ప్రచురించినప్పుడు, ఫోటోలను చూసి చేతితో చెక్కిన బొమ్మలే వేయవలసి వచ్చింది. ఎందుకంటే ముద్రణ యంత్రానికి సిరా అంటించడం తెలుసు, అంటించకుండా ఉండటం తెలుసు. సగం నలుపు, పావు నలుపు వేయడం తెలియదు.

తర్వాత వచ్చిన ఉపాయం చుక్కలు. భూతద్దంతో పత్రికలోని ఫోటోను చూడండి. ముఖం, బంతి, ఆకాశం అన్నీ మాయమై చుక్కలు మాత్రమే కనిపిస్తాయి! నల్లని చోట పెద్ద చుక్కలు, తెల్లని చోట చిన్న చుక్కలు. దూరం నుంచి చూసినప్పుడు కన్ను వాటిని కలిపి నీడలుగా గ్రహిస్తుంది. రంగుల ఫోటోలో ఉన్నవి కూడా నాలుగు రంగుల చుక్కలే: నీలి, గులాబి ఎరుపు, పసుపు, నలుపు. వార్తాపత్రిక ముతక కాగితం మీద సిరా పాకుతుంది కాబట్టి చుక్కలు పెద్దవి. నునుపు కాగితం మీద అచ్చయ్యే పత్రికలో చుక్కలు సన్నవి. నేను గోడకంటించుకున్న బొమ్మ అంత అందంగా ఉండటానికి అదీ ఒక కారణమే.

ఇప్పుడు ఫోన్లు వచ్చాయి. ప్రతి చేతిలోనూ ఒక కెమేరా ఉంది. చాలా ఫోన్లు బొమ్మ మొత్తాన్ని ఒక్కసారిగా కాక వరస తర్వాత వరసగా చదువుతాయి. అందుకే వేగంగా తిప్పిన బ్యాటు ఫోన్ ఫోటోలో ఒక్కోసారి వంగి కనబడుతుంది. అంతేకాదు, లేని బంతిని ఉన్నట్టు, ఉన్న మనిషిని లేనట్టు కంప్యూటరుతో మార్చడం ఈ రోజుల్లో సులభం. నిన్నటి కంటే నేడు ఫోటోను చదవడం మరింత అవసరం.

మీరు చేయవలసిన పని

ఈ నెలలో పత్రికలోంచి గాని, దినపత్రిక ఆటల పుటలోంచి గాని ఐదు ఫోటోలు తీసి నోటు పుస్తకంలో అంటించండి. ఒక్కొక్క దాని కింద ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి.

1. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉందా, తక్కువసేపా? బంతి, చేతులు, ఎగిరిన దుమ్ము చూసి చెప్పండి.
2. ఫోటోగ్రాఫరు ఎక్కడ నిలబడ్డాడు? దగ్గరా, దూరమా? గీతకు సూటిగానా, పక్కగానా?
3. ఫోటో అంచుల అవతల ఏం ఉండి ఉంటుంది?
4. ఈ క్షణానికి ముందు ఏం జరిగింది? తర్వాత ఏం జరిగి ఉంటుంది?
5. ఫోటో కింద రాసిన మాటల్లో ఏది ఫోటోలో కనబడుతోంది? ఏది కనబడటం లేదు?

ఐదో ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు మా బడి అబ్బాయిని ఒక్కసారి తలచుకోండి. ఫోటో చూసి ఒకరిని ఓడిపోయాడనడం, దొంగ అనడం చాలా తేలిక. ఆ మాట అనే ముందు ఒక్క ప్రశ్న వేయండి: "గీత ఎక్కడుంది?"